హృదయం చాటున హత్య

"ఈ జిల్లాలో నేరస్థులు ఇంతవరకు తప్పించుకు తిరుగుతున్నారంటే కారణం ఒక్కటే. ఆ కేసులు నా దగ్గరికి రాలేదు."

ఈ మాట అన్నది జిల్లా పోలీసు అధికారి కాదు. నల్లపాడు రోడ్డులోని ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలకు గేట్ పాసులు రాసే గుమాస్తా శశిభూషణ్. అన్నది కూడా ఏ సభలోనో కాదు. చిన్ననాటి స్నేహితుడు మార్కు ఇంటి వసారాలో, మార్కు భార్య లిడియా ఇచ్చిన టీ ఊదుకుంటూ అన్నాడు.

పగలంతా మిర్చి ఘాటుకి తుమ్మడం, సాయంత్రాలు అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలు నమలడం, ఇలా పదేళ్ళు తపస్సు చేసి శశిభూషణ్ తనకు తానే డిటెక్టివ్ పట్టా ఇచ్చుకున్నాడు. అప్పటికి రెండు కేసులు ఛేదించాడు. మొదటిది చర్చి వాకిట్లో మాయమైన పాస్టరుగారి చెప్పులు. సాయంత్రం దాకా వెతికితే అవి పాస్టరుగారి కాళ్ళకే దొరికాయి. రెండోది సర్దార్‌బీ మేక. శశిభూషణ్ దాని అడుగుజాడలు పట్టుకుని ముందు నడుస్తుంటే అది వెనకాలే వచ్చి అతని నోటు పుస్తకం తినేసింది. రెండుసార్లూ పోయింది దొరికింది కదా అని అతను విజయం ఖాతాలోనే వేసుకున్నాడు. మేక తిన్న పుస్తకంలో ఏం రాసుకున్నాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, నష్టమూ లేదు.

అది 2002 వేసవి. మార్కు ఆ రోజు టీ తాగలేదు. స్నేహితుడు మూడో కేసు కోసం ఆకలిగా ఉన్నాడని అతనికి తెలుసు. ఆ కేసు తన ఇంట్లోనే ఉందనీ తెలుసు.

మార్కు పెళ్ళి వీడియోలు తీస్తాడు. అప్పటిదాకా గుంటూరులో ఎడిటింగంటే రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లో టేపు ఆడుతుంటే రెండోదాని రికార్డు బటన్ మీద వేలు పెట్టుకుని ఊపిరి బిగబట్టడమే. వేలు ఒక్క క్షణం ఆలస్యమైతే తాళి కట్టించుకుంటున్న పెళ్ళికూతురు పక్కనే వంటవాడు గరిటె పట్టుకుని నిలబడేవాడు. మార్కు ఆ బాధ పడలేక, హైదరాబాదు వెళ్ళి కంప్యూటరూ, దానిలో బిగించే కాప్చర్ కార్డూ తెచ్చాడు. కార్డు టేపులో బొమ్మని కంప్యూటర్లోకి లాగుతుంది. దానితో వచ్చిన ప్రోగ్రాం ఆ బొమ్మని ఎక్కడ కావాలంటే అక్కడ కోసి అతికిస్తుంది. పైగా బోలెడు వేషాలు వేస్తుంది. దాని పుణ్యాన పెళ్ళికొడుకులు తామరపువ్వుల్లోంచి పుట్టుకొచ్చారు. పెళ్ళికూతుళ్ళు యాపిల్ పండ్లలో కూర్చుని నవ్వారు. ఒక సీనుకీ ఇంకో సీనుకీ మధ్య చిన్న ఎర్ర గుండె పుట్టి, పెరిగి పెరిగి తెరంతా నిండి, పటుక్కున రెండుగా విచ్చుకునేది. ఆ గుండె కోసం ఒంగోలు నుంచి కూడా బేరాలు వచ్చాయి.

కంప్యూటరుకి మాత్రం ఎండాకాలం పడేది కాదు. దాని డబ్బా మూత తీసి, లోపలికి టేబుల్ ఫాను పెట్టేవాళ్ళు. ఇంట్లో మనుషులకి ఫాను లేదు.

రిటైరైన లెక్కల మాస్టారు గురునాథం గారు ఫిబ్రవరిలో కూతురు మహతి పెళ్ళి చేశారు. మార్కు రెండు టేపుల మీద వీడియో తీశాడు, మొదటి టేపుని కంప్యూటర్లోకి ఎక్కించమని వదిలి భోజనానికి వెళ్ళాడు. వచ్చి చూస్తే ఎక్కడం అయిపోయిందని తెర మీద ఉంది. సరే అనుకుని, టేపుల కరువు కాబట్టి అదే టేపు మీద ఆదివారం చర్చి వార్షికోత్సవం తీసేశాడు. వారం తర్వాత ఎడిటింగుకి కూర్చుంటే, ఆ టేపు చివర సరిగ్గా తొమ్మిది నిమిషాలు లేవు. ఒక ఫైలు ఒక మేర నిండగానే ప్రోగ్రాం దాన్ని ఆపేస్తుందని ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కడో రాసి ఉందట. మార్కు ఆ పుస్తకాన్ని కంప్యూటరు కింద ఎత్తు కోసం పెట్టాడు.

ఏం చెయ్యాలో తోచక, తొమ్మిది నిమిషాలు పోయిన చోట ఆ ఎర్ర గుండె అతికించాడు. మాస్టారు అడిగితే, ఆ కాసేపు కరెంటు పోయిందండీ అని చెప్పాడు.

పోయింది మామూలు తొమ్మిది నిమిషాలు కాదు. మేనమామ పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టుకుని పెళ్ళిపీటల దగ్గరికి తెచ్చే తొమ్మిది నిమిషాలు. మాస్టారి భార్య వెంకటరావమ్మకు ఇద్దరు సోదరులు, అన్న పేరయ్య, తమ్ముడు బుల్లయ్య. మోయాల్సింది పెద్దవాడు పేరయ్య. మోసింది బుల్లయ్య. తనని కావాలనే పక్కన పెట్టారని పేరయ్య పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పీటల మీది నుంచి లేవకముందే లేచి వెళ్ళిపోయాడు. నువ్వు నిద్రపోయావయ్యా, ఎంత లేపినా లేవలేదు అని వీళ్ళంటారు. నేను పగలు నిద్రపోయే మనిషినా, కళ్ళు మూసుకున్నానంతే అని ఆయనంటాడు. మూడు నెలలుగా అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఎవరిది నిజమో చెప్పగలిగింది ఒక్క టేపే. దాని మీద ఇప్పుడు పిల్లలు క్రీస్తు పుట్టుక నాటకం వేస్తున్నారు.

సంగతంతా లిడియాకి తెలుసు. వెళ్ళి ఒప్పుకోమని రోజూ చెబుతోంది. "అబద్ధమాడిన నోటితోనే ఆదివారం పాటలు పాడుతున్నావు. పాస్టరయ్యగారికి నీ గొంతు బాగుందనిపిస్తుందేమో, నాకు వినబుద్ధి కావట్లేదు" అంది ఒకసారి. మార్కు రేపు చెబుతా అనేవాడు. రేపు వస్తే ఇంకో పెళ్ళి ఉండేది.

అలాంటి ఇంటికి శశిభూషణ్ టీకి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, టీవీలో నమూనాగా ఆడుతున్న మహతి పెళ్ళి చూశాడు. చూసి టీ కప్పు కింద పెట్టాడు. వెనక్కి తిప్పమన్నాడు. మళ్ళీ చూశాడు. అలా ఏడుసార్లు.

ముందు వరసలో, భుజాన తువాలు వేసుకుని పేరయ్య కుర్చీలో కూర్చున్నాడు. ఎర్ర గుండె పుట్టింది, పెరిగింది, విచ్చుకుంది. కుర్చీ ఖాళీగా ఉంది. ఆ తర్వాత పెళ్ళి మొత్తంలో ఆ మనిషి కనపడలేదు.

"ఒరేయ్ మార్కూ, గుండెకి ముందు మనిషి. గుండె తర్వాత ఖాళీ కుర్చీ. మధ్యలో ఏం జరిగింది?"

మార్కు టీవీ ఆపేశాడు. కరెంటు పోయిందన్నాడు.

"సరిగ్గా అప్పుడే పోయిందా, ఎవరన్నా తీశారా?" శశిభూషణ్ లేచి నిలబడ్డాడు. "ఇది హత్య. పదిమంది మధ్యలో, పట్టపగలు, పన్నీరు జల్లుతుండగా జరిగిన హత్య. హంతకుడు దీన్ని గుండె చాటున దాచాననుకున్నాడు. పాపం, అవతల ఉన్నది ఎవరో తెలియదు వాడికి."

గుండె అతికించినవాడు ఎదురుగా నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. శశిభూషణ్ అతని భుజం తట్టి, భయపడొద్దని, ఈ కేసులో అతన్ని సహాయకుడిగా వేసుకుంటున్నానని చెప్పాడు. మార్కు కాదనబోయాడు. కాదంటే అనుమానం తన మీదికి వస్తుందేమోనని ఆగిపోయాడు. నిజానికి ఆ భయం అక్కరలేదు. శశిభూషణ్ అనుమానం సరైన మనిషి మీదికి ఎన్నడూ వెళ్ళి ఎరగదు.

పరిశోధన రెండు రోజులు సాగింది. మొదట మాస్టారింటికి వెళ్ళారు. కుర్చీలో మనిషి పేరు మార్కు నుంచి రాబట్టిన శశిభూషణ్ కాసేపు ఎండల గురించీ, పత్తి విత్తనాల గురించీ మాట్లాడి, హఠాత్తుగా, మీ బావమరిది పేరయ్యగారు ఎక్కడుంటారండీ అని అడిగాడు. మాస్టారి మొహం మాడిపోయింది.

"మాకు సంబంధించినంత వరకు ఆయన లేడు" అన్నారు.

శశిభూషణ్ ఆ మాట నోటు పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. అదే సమయానికి లోపల వెంకటరావమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. ఉల్లిపాయలు అందామె. ఆమె తరుగుతున్నది బెండకాయలు. అది కూడా రాసుకున్నాడు. పెరట్లో కొత్తగా తవ్విన గుంట ఉందని తెలిసి, చేతులు కడుక్కుంటానని వెళ్ళి, సబ్బుబిళ్ళ జారిపడిందనే వంకతో అందులో మోకాలి దాకా దిగాడు. అది మరుగుదొడ్డి కోసం తవ్వుతున్న గుంట. పాతదాన్ని ఆనుకునే తవ్వారు. ఆధారాలేవీ దొరకలేదు గానీ, తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాళ్ళిద్దరికీ బోలెడంత చోటు దొరికింది.

బుల్లయ్య ట్రాలీ ఆటో తోలుతాడు. అతను చెట్టు నీడన ఆటో పెట్టుకుని, నడుముకి అమృతాంజనం రుద్దించుకుంటూ దొరికాడు. ఆ నొప్పి ఎప్పటి నుంచి అని శశిభూషణ్ తీయగా అడిగాడు.

"మహతి పెళ్ళి నాటి నుంచేనండీ. మోసింది కాసేపే. ఆ బరువుకి అప్పుడు పట్టేసిన నడుం ఇప్పటికీ వదల్లేదు. మోయమన్నది మా బావ. అనుభవించేది నేను."

మేనకోడల్ని గంపలో మోసిన సంగతి అతను చెబుతున్నాడు. శవాన్ని మోసిన సంగతి శశిభూషణ్ వింటున్నాడు. మార్కు మధ్యలో కలగజేసుకుని గంప అనే మాట అన్నాడు. అంటే గంపలోనే తరలించారన్నమాట అని శశిభూషణ్ అదీ రాసుకున్నాడు.

ఇంటికొచ్చే దారిలో మార్కు ధైర్యం చేసి, ముందు ఆ పేరయ్య ఊరికి వెళ్ళి మనిషి ఉన్నాడో లేడో చూద్దాం, ఆరు మైళ్ళే కదా అన్నాడు. శశిభూషణ్ జాలిగా నవ్వాడు. చచ్చిపోయినవాడి కోసం ఊళ్ళు తిరగడం పోలీసుల పద్ధతట. తనది మెదడు పద్ధతట.

మర్నాడు అతను మార్కు కంప్యూటరు ముందు కూర్చుని, మార్కు చేత పదహారు పేజీల తుది నివేదిక టైపు చేయించాడు. కంప్యూటరు సి డ్రైవులో జాగా లేదని మాటిమాటికీ మొరాయించింది. మూడు నెలలుగా దానిదదే గోల. వైరస్ పట్టిందని మార్కు నమ్మకం. ఆ కంప్యూటరు బొమ్మ టీవీలో కూడా పడేలా తీగ ఉంది కాబట్టి, నివేదికని అందరి ముందూ పెద్ద తెర మీద చూపించి హంతకుణ్ణి కుప్పకూలుస్తానని శశిభూషణ్ చెప్పాడు. పెళ్ళి సీడీ కొత్తగా చేసి చూపిస్తారు, శనివారం పొద్దున పదింటికి రండి అని మాస్టారింటికీ, బుల్లయ్యకీ కబురు వెళ్ళింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మార్కు, రేపు అందరి ముందూ నిజం చెప్పేస్తానన్నాడు. లిడియా నమ్మినట్టు కనపడలేదు. కానీ కూర ఇంకో గరిటె వేసింది.

శనివారం అందరూ వచ్చారు. మాస్టారూ వెంకటరావమ్మా బల్ల మీద, బుల్లయ్య నడుం పట్టుకుని గోడకి ఆనుకుని. శశిభూషణ్ ఆ ఎండలో నల్లకోటు వేసుకుని గదిలో అటూ ఇటూ నడిచాడు. వాతావరణం గంభీరంగా ఉండాలని కిటికీలు మూయించాడు. టేబుల్ ఫాను కంప్యూటరుకే ఉంది కాబట్టి అందరూ గంభీరంగా చెమటలు కక్కారు.

"ఈ గదిలో ఒక హంతకుడున్నాడు" అన్నాడు శశిభూషణ్.

పెళ్ళి సీడీ చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అతను ఆపకుండా చెప్పుకుపోయాడు. పేరయ్య చనిపోయాడు. పెళ్ళి పందిట్లోనే చనిపోయాడు. బావే చంపించాడు. బుల్లయ్య గంపలో మోసుకెళ్ళాడు.

వెంకటరావమ్మకు బావ, గంప ఏమీ వినపడలేదు. వినపడింది ఒక్కటే ముక్క. మూడు నెలలుగా అన్న కబురు తెలియదు. ఇప్పుడెవరో కోటు వేసుకున్న మనిషి వచ్చి, లేడంటున్నాడు. ఆమె బల్ల మీది నుంచి నేలకి జారిపోయింది. అన్నయ్యా, నిన్ను ఆ రోజు పిలిచి అన్నం తినిపోమని కూడా అనలేదే అంటూ గుండెలు బాదుకుంది. మాస్టారు వంగి ఆమె రెక్క పట్టుకున్నారు. మార్కు లేచి నిలబడ్డాడు. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో తలుపు ఎవరో దబదబా బాదారు.

లిడియా తీసింది. గుమ్మంలో భుజాన తువాలుతో, చేతిలో చీటీతో, ఒళ్ళంతా మిర్చి దుమ్ముతో ఒక పెద్దాయన.

"కోల్డ్ స్టోరేజీ గుమాస్తా ఇక్కడ కూర్చున్నాడంట గదా. గేట్ పాస్ మీద సంతకం కోసం పొద్దుటి నుంచి చూస్తన్నా. లారీవాడు ఎల్లిపోతానంటన్నాడు."

పేరయ్యే. అతని సరుకు మూడు నెలలుగా శశిభూషణ్ పనిచేసే కోల్డ్ స్టోరేజీలోనే ఉంది. నెలకి రెండుసార్లు శశిభూషణ్ ఎదుటే నిలబడి సంతకం పెట్టి వెళ్ళాడు. డిటెక్టివ్ గారు ఆ సంతకాలన్నీ చూశారు, మనిషిని చూడలేదు.

గదిలో ఏడుపు ఠక్కున ఆగింది. శశిభూషణ్ మాత్రం తొణకలేదు. నువ్వు పేరయ్యవని రుజువేమిటి, రేషన్ కార్డుందా అని నిలదీశాడు.

పేరయ్య అతన్ని చూడలేదు. నేల మీద, జుట్టు రేగి కూర్చున్న చెల్లెల్ని చూశాడు. ఎవరు పోయారమ్మాయ్ అని అడిగాడు. బుల్లయ్య గోడ దగ్గర నుంచే, "నువ్వే అన్నయ్యా" అన్నాడు.

సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థం కాగానే పేరయ్యకి కోపం తన్నుకొచ్చింది. పెళ్ళిలో మనిషిని కాదనుకున్నారు, ఇప్పుడు ఏకంగా చంపేసుకున్నారు అన్నాడు. మాస్టారు కూడా లేచారు. చూస్తుండగానే ఇద్దరూ ఫిబ్రవరిలోకి వెళ్ళిపోయారు. నిద్రపోయావు, పోలేదు, లేపాం, అబద్ధం.

"నిద్రపోయానని ఒక్క సాక్ష్యం చూపించు బావా. ఇక్కడే నీ కాళ్ళ మీద పడతా."

మాస్టారు మార్కు వైపు తిరిగారు. అందరూ తిరిగారు. లిడియా కూడా.

"సాక్ష్యం ఉండేదండీ" అన్నాడు మార్కు. "పోగొట్టింది నేను. ఆ రోజు కరెంటు పోలేదు మాస్టారూ. అంతా తీశాను. కంప్యూటరు ఆ ముక్క ఎక్కించుకోలేదు. చూసుకోకుండా ఆ టేపు మీదే చర్చిలో తీసేశాను. మీరు మాటల్లేకుండా ఉన్నారని తెలిసి కూడా మూడు నెలలు నోరు మూసుకున్నాను."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "కరెంటు పోలేదని నాకు తెలుసు. ఆ హాల్లో జనరేటరుకి అద్దె కట్టింది నేను. నువ్వే వచ్చి చెబుతావని చూశాను" అన్నారు. మార్కు తలదించుకున్నాడు. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఈ లోపల శశిభూషణ్‌కి పరువు దక్కించుకునే దారి కావలసి వచ్చింది. నివేదిక చూపిస్తే అందరూ దారికొస్తారని అతని నమ్మకం. ఎవరూ తనని చూడకపోవడం చూసి, తానే కంప్యూటరు ముందు కూర్చుని ఎలుకని పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి. సి డ్రైవు తెరిచాడు. ఫైళ్ళు చీమల బారులా వచ్చాయి. పేర్లన్నీ ఇంగ్లీషు. ఇంత పెద్ద కేసు నివేదిక కాబట్టి ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద ఫైలే అయి ఉండాలని తర్కించి, దాని మీద టకటకా నొక్కాడు.

టీవీలో సన్నాయి మోగింది.

మొదటి ఫైలు నిండిపోగానే ఆ ప్రోగ్రాం ఆగలేదు. ఆ టేపులో మిగిలిన తొమ్మిది నిమిషాలని తనంతట తానే ఇంకో డ్రైవులో పడేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. మూడు నెలలుగా మార్కు వైరస్ అనుకున్నది పేరయ్య.

తెర మీద పేరయ్య కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. బుల్లయ్య వచ్చి భుజం పట్టి ఊపాడు. పేరయ్య కళ్ళు తెరవకుండానే, "ఆ టిక్కీ ఇటు ఎత్తండ్రా" అన్నాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. తర్వాత మాస్టారు వచ్చారు. లే పేరయ్యా, ముహూర్తం దాటిపోతోంది, నువ్వు తేవాలయ్యా పిల్లని అని గడ్డం పట్టుకుని బతిమాలారు. పేరయ్య ఆయన చేతిని ఈగని తోలినట్టు తోలాడు. మళ్ళీ లేపబోతుంటే వెంకటరావమ్మ వచ్చి భర్త చెయ్యి తప్పించింది.

"లేపకండి. మూడు రోజులుగా కల్లంలో కాయల దగ్గర కూర్చుని కునుకన్నది లేదు అన్నయ్యకి. పడుకోనివ్వండి. బుల్లయ్య తెస్తాడు" అంది తెర మీది వెంకటరావమ్మ. పేరయ్య భుజాన ఉన్న తువాలు తీసి, మడిచి, అతని మెడ కింద పెట్టి వెళ్ళింది.

మళ్ళీ ఒకసారి వెయ్యి అన్నాడు పేరయ్య. మార్కు వేశాడు. రెండోసారి అతను తనని చూసుకోలేదు. ఆ తువాలు మడిచే చేతుల్నే చూశాడు.

"లేపొద్దన్నది నువ్వా?"

"నేనే" అంది వెంకటరావమ్మ.

"మరి చెప్పలేదేం?"

"చెబితే నాతో కూడా మాట్లాడవని."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అలిగితే నా మీద అలగనీ, అన్నాచెల్లెళ్ళ మధ్య ఎందుకని నేనే చెప్పొద్దన్నాను. మీ ఇద్దరికీ మాటలుంటాయనుకున్నా. లెక్క తప్పింది" అన్నారు.

పేరయ్య వంగాడు. పందెం ప్రకారం బావ కాళ్ళ మీద పడబోతుంటే మాస్టారు రెక్క పట్టుకుని లేపారు. ఈసారి ఒక్క పట్టుకే లేచాడు.

"కేసు ముగిసింది" అన్నాడు శశిభూషణ్. "చనిపోయిన మనిషిని వెతికి పట్టుకోవడం ఎవరైనా చేస్తారు. ప్రాణాలతో పట్టుకోవడం నాకే చెల్లింది." ఆ సంతోషంలో అతనితో గేట్ పాస్ మీద సంతకం చేయించింది లిడియా. లారీ అప్పటికే వెళ్ళిపోయింది. పేరయ్య ఆ పూట చెల్లెలింట్లో తిని వెళ్ళాడు.

ఈ కథ ఊరంతా పాకింది. పదిరోజుల్లో ఏడు కుటుంబాలు మార్కు దగ్గరికి వచ్చాయి. ఎవరి పెళ్ళిలో వాళ్ళకీ ఒక అవమానం ఉంది. అసలు టేపు వేసి ఎవరిది తప్పో తేల్చమన్నారు. మార్కు భార్యని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకా చెరపకుండా మిగిలిన ఆ టేపులన్నీ చూశాడు. ఏడింటిలో ఆరింట అవమానం నిజంగానే జరిగింది. పిలవకుండానే పక్కకి నెట్టారు. పళ్ళెం ముందు నుంచి లేపి ఇంకొకర్ని కూర్చోబెట్టారు. ఒక చోట అయితే తిట్టిన మాట కూడా స్పష్టంగా వినపడుతోంది.

ఇక అబద్ధమాడనని ఒట్టు పెట్టుకున్నాడు. నిజం చెబితే ఆరిళ్ళు విడిపోతాయి. రెండు రోజులు తిండి సహించక, చివరికి లిడియానే అడిగాడు. ఆమె, చెప్పడం నీ పని కాదు, పరిశోధించడానికి మనిషి ఉన్నాడుగా అంది.

ఆరు కేసులూ శశిభూషణ్‌కి వెళ్ళాయి. అతను ఒక్కొక్క ఇంటికీ కోటు వేసుకుని వెళ్ళాడు. ఒక చోట వియ్యపురాలిని గూఢచారి అన్నాడు. ఇంకో చోట పురోహితుడి వేలిముద్రలు తీసుకోబోయాడు. వారం తిరక్కుండా, ఆరు చోట్లా ఏడాదిగా మొహాలు చూసుకోని రెండు పక్షాలూ ఒక్కటై, చెరొక కర్రా పట్టుకుని అతన్ని వీధి చివరిదాకా తరిమాయి. తరిమి తరిమి అలిసి, అక్కడే అరుగు మీద కూర్చుని, ఒకే చెంబులో నీళ్ళు తాగాయి.